రీడ్-ఓన్లీ అన్నంత మాత్రాన డిస్క్‌ను అప్పజెప్పలేము

పొడుగు పోస్టు ఇది. కాఫీ తాగి, నిదానంగా కూర్చుని చదవండి. ఆదివారం సర్వసభ్య సమావేశానికి ముందే చదివితే మేలు. ఆ తరువాత చదివి లాభం లేదు.

విషయం మన ఆఫీసు కంప్యూటర్ డిస్క్. పోయిన నెల గాలివాన రాత్రి కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. యూపీఎస్ బ్యాటరీ మార్చమని రెండు మీటింగుల్లో రాసి పెట్టినా ఎవరూ మార్చలేదు, ఆ కత వేరే. మదర్‌బోర్డు కాలిపోయింది. మెకానిక్ డిస్క్‌ను విప్పి చేతికిచ్చినాడు. అప్పటి నుంచి అది ఏ కంప్యూటర్‌కూ తగలలేదు. ఈ చివరి వాక్యం ముఖ్యం, గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు కార్యవర్గంలో కొందరు గ్రూపులో ఒక ప్రతిపాదన పెట్టినారు. ఐటీ కంపెనీలో పని చేసే మన పిల్లవాడు ఒకడు ఆదివారం వస్తాడట. డిస్క్‌ను తన లాప్‌టాప్‌కు తగిలించి, రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి, ప్రొజెక్టర్ మీద అందరికీ చూపిస్తాడట. రీడ్-ఓన్లీ కాబట్టి డిస్క్‌లో ఒక్క అక్షరం కూడా మారదట. ఏ ఫైలు ఉంది, ఏది లేదు అని పదిమంది ముందు తేలిపోతుందట. కింద దండిగా లైకులు కూడా పడినాయి.

మేము దీనికి ఒప్పుకోము. పిల్లవాడి మీద మాకు అనుమానం లేదు, మంచి పిల్లవాడే. కానీ "ఒక్క అక్షరం కూడా మారదు" అన్నారే, ఆ మాట నిజం కాదు. చెప్పినవాళ్ళు అబద్ధమాడాలని చెప్పలేదు. పేరు చూసి నమ్మినారు. రీడ్-ఓన్లీ అంటే తెలుగులో చదవడానికి మాత్రమే, అరవంలో పడిక్క మట్టుం. మా మాదిరి అరవ బడిలో చదివి తెలుగు అక్షరాలు ముప్పై దాటినాక నేర్చుకున్నవాళ్ళకైనా, తెలుగు బడిలో చదివినవాళ్ళకైనా, ఇంగ్లీషు బడిలో చదివినవాళ్ళకైనా ఆ మాటకు ఒకటే అర్థం వస్తుంది. ఆ అర్థాన్ని కంప్యూటర్ పాటించదు. అదే ఇక్కడి తగవు.

మొదట ఆ డిస్క్‌లో ఏముందో చెప్పుకుందాము. ఎందుకంటే "పాత డిస్క్ కోసం ఇంత రభసా" అని ఒకాయన రాసినారు. అందులో సభ్యుల రిజిస్టర్ ఉంది, సంఘం పెట్టిన నాటి నుంచి ఒక్కొక్క పేజీ స్కాన్ చేసినది. కల్యాణ మండపం స్థలం పత్రాల స్కాన్లు ఉన్నాయి. 38 క్యాసెట్లు ఉన్నాయి, మన ముసలమ్మలు పాడిన పెండ్లి పాటలు, తిరగలి పాటలు, వలస వచ్చిన కతలు. అవి పాడినవాళ్ళలో ఇప్పుడు ఇద్దరే మిగిలినారు. అసలు క్యాసెట్లలో సగానికి బూజు పట్టింది. ఆ పాటల్లో ఉండే తెలుగు విజయవాడ టీవీలో దొరకదు, పుస్తకాల్లో దొరకదు. "నీకు తెలుగు యాడ వచ్చు" అని బంధువులు నవ్వే తెలుగు అది. దానికి ఇంకొక నకలు లేదు. నకలు తీయమని మేము అడిగినప్పుడు హార్డ్ డిస్క్ కొనడానికి 5,000 రూపాయలు ఖర్చు ఎందుకు అన్నారు. వార్షికోత్సవం పూల అలంకరణకు అంతకు ఎక్కువే అయింది.

ఇవన్నీ ఒక పక్క. ఇంకొక పక్క, అందరికీ తెలిసిందే, మండపం లెక్కల తగవు. రెండేండ్ల బుకింగు లెక్కల ఫోల్డర్ ఆ రాత్రి కరెంటు పోయే ముందు ఎవరో చెరిపేసినారని ఒక పక్షం అంటుంది. అట్లాంటి ఫోల్డర్ అసలు ఎప్పుడూ లేదని ఇంకొక పక్షం అంటుంది. ఏది నిజమో మేము చెప్పబోము, మేము ఏ పక్షమూ కాదు. కానీ ఆ సాయంకాలం జరిగినదానికి సాక్షి ఎవరు? మనుషుల్లో ఎవరూ లేరు, ఆ డిస్క్ ఒక్కటే. సాక్షిని కోర్టుకు తెచ్చేటప్పుడు దారిలో కూర్చోబెట్టి "నువ్వు చెప్పాల్సింది ఇదీ" అని దిద్దించి తెస్తామా?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. మన ఆఫీసు కంప్యూటర్‌లో లైనక్స్ ఉండేది, డిస్క్ మీద ఈఎక్స్‌టీ4 అనే ఫైల్‌సిస్టమ్. ఫైల్‌సిస్టమ్ అంటే ఏ ఫైలు డిస్క్‌లో ఎక్కడెక్కడ పడి ఉందో రాసి పెట్టే లెక్కల పద్ధతి. ఈఎక్స్‌టీ3 అని దీని అన్న 2001లో లైనక్స్ 2.4.15తో వచ్చింది. స్టీఫెన్ ట్వీడీ అనే ఆయన పాత ఈఎక్స్‌టీ2కు జర్నల్ అనే వస్తువును తగిలించి చేసినది అది. ఈఎక్స్‌టీ4 2008 డిసెంబరులో 2.6.28తో పక్కా అయింది. జర్నల్ పద్ధతి రెంటిలోనూ ఒకటే.

జర్నల్ అంటే ఏమో రైల్వేలో పని చేసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. పార్శిల్ ఆఫీసులో గుమాస్తా ముందు రఫ్ పుస్తకంలో రాసుకుంటాడు. 14వ పేజీలో ఈ పంక్తి తీసేయాలి, 20వ పేజీలో ఈ పంక్తి చేర్చాలి, మొత్తం ఇంత. రాసి ముగించి కింద ఒక టిక్ పెడతాడు. తరువాత తీరికగా లెడ్జర్‌లోకి ఎక్కిస్తాడు. ఎక్కించే మధ్యలో దీపం ఆరిపోయిందనుకోండి. తెల్లవారి వచ్చినవాడు రఫ్ పుస్తకం తెరుస్తాడు. టిక్ ఉన్నవన్నీ లెడ్జర్‌లో ఎక్కిస్తాడు, టిక్ లేని అరకొర రాతను వదిలేస్తాడు. లెడ్జర్ ఎప్పుడూ సగం సగంగా ఉండదు. ఇది మంచి పద్ధతి, మేము దీన్ని తప్పు పట్టడం లేదు. ఈ పద్ధతి లేని కాలంలో కరెంటు పోతే డిస్క్ మొత్తం తనిఖీ చేయడానికి గంటలు పట్టేది.

ఈఎక్స్‌టీ4లో కూడా సరిగ్గా ఇదే. మామూలుగా 5 సెకన్లకు ఒకసారి జర్నల్‌లో టిక్ పడుతుంది, దానికి కమిట్ అని పేరు. అసలు స్థానానికి ఎక్కించడం ఆ తరువాత ఎప్పుడో జరుగుతుంది. మామూలు సెట్టింగులో ఫైలు లోపలి విషయం జర్నల్‌లోకి రాదు. పేర్లు, పరిమాణాలు, ఏ ఫైలు ఎక్కడ ఉంది అనే చిరునామాలు, ఇవే వస్తాయి. డిస్క్‌ను వాడుకలోకి తీసుకున్నప్పుడు "రికవరీ కావాలి" అని ఒక గుర్తు పడుతుంది. సరిగా షట్‌డౌన్ చేస్తే ఆ గుర్తు పోతుంది. కరెంటు పోతే అట్లాగే నిలుస్తుంది. మన డిస్క్ మీద ఆ గుర్తు నిలిచి ఉండాలి, ఎందుకంటే ఆ రాత్రి ఎవరూ షట్‌డౌన్ చేయలేదు.

ఇప్పుడు ఆ పిల్లవాడు రీడ్-ఓన్లీ అని మౌంట్ కమాండ్ కొడతాడు. కర్నెల్ ఆ గుర్తు చూస్తుంది. చూసి ఏం చేస్తుంది? చదవడానికి మాత్రమే అడిగినారు కదా, వద్దులే అని ఊరుకోదు. రీడ్-ఓన్లీ ఫైల్‌సిస్టమ్‌కు రికవరీ అవసరమని ఒక వాక్యం, రికవరీ జరిగినంతసేపు రాసే అనుమతి ఇస్తున్నానని ఇంకొక వాక్యం తన లాగులో రాసుకుంటుంది. తరువాత జర్నల్ మొత్తం మూడుసార్లు తిరుగుతుంది. ఒకసారి ఎంతదాకా టిక్కులున్నాయో చూడడానికి, ఒకసారి రద్దయిన పంక్తులు ఏరడానికి, ఒకసారి ఎక్కించడానికి. ఆ మూడో తిరుగుడులో డిస్క్ మీద రాస్తుంది, ఉన్న పాత పంక్తి మీదనే కొత్త పంక్తి. అంతా ముగించుకుని గుర్తును తుడిచేసి, అప్పుడు రీడ్-ఓన్లీ ముఖం పెట్టుకుని మన ముందు నిలబడుతుంది. తెర మీద ఇదేమీ కనపడదు. లాగు తెరిచి చూస్తేనే తెలుస్తుంది. అందులోనూ అది హెచ్చరిక అని లేదు, సమాచారం అని ఉంటుంది!

ఇది మేము కల్పించినది కాదు, రహస్యం కూడా కాదు. మౌంట్ కమాండ్ మాన్యువల్‌లోనే రీడ్-ఓన్లీ అనే చోట ఉంది. అట్లా పెట్టినా ఫైల్‌సిస్టమ్ రకాన్ని బట్టి డిస్క్ మీద రాయడం జరగవచ్చు, ఈఎక్స్‌టీ3, ఈఎక్స్‌టీ4 జర్నల్‌ను ఎక్కిస్తాయి, అది వద్దంటే రీడ్-ఓన్లీతో పాటు నోలోడ్ అని కూడా ఇవ్వండి, లేదా డిస్క్‌కే తాళం వేయండి, అని. ఐటీలో పదేండ్లు పని చేసినవాళ్ళు ఈ పేజీ చదివి ఉండరు. తప్పేమీ లేదు, వాళ్ళ పని వేరే. కానీ చదవనిదాని మీద పదిమందికి హామీ ఇవ్వకూడదు.

జర్నల్ ఒక్కటే అయితే కొంత సరిపెట్టుకోవచ్చు. ఇంకొకటి ఉంది, మన తగవుకు అదే పెద్దది. ఒక ఫైలు ఏదో ప్రోగ్రాంలో తెరిచి ఉండగా దాన్ని చెరిపేస్తే, లైనక్స్‌లో పేరు వెంటనే పోతుంది, ఫైలు మాత్రం పోదు. ప్రోగ్రాం మూసేదాకా డిస్క్ మీదే ఉంటుంది. పేరు లేకుండా మిగిలిన అట్లాంటి ఫైళ్ళ జాబితా ఒకటి ఫైల్‌సిస్టమ్ పెట్టుకుంటుంది, ఆర్ఫన్ జాబితా, అంటే అనాథల జాబితా. మధ్యలో కరెంటు పోతే ఆ అనాథలు డిస్క్ మీద చెక్కు చెదరకుండా ఉంటాయి. మళ్ళీ మౌంట్ చేసిన క్షణం కర్నెల్ ఆ జాబితా తీసి ఒక్కొక్కదాన్నీ నిజంగా చెరిపి స్థలం ఖాళీ చేస్తుంది. రీడ్-ఓన్లీ అని అడిగినా చేస్తుంది, చేస్తున్నానని లాగులో రాసి మరీ చేస్తుంది.

ఆ సాయంకాలం లెక్కల ఫైలు తెరిచి ఉండగా ఎవరైనా చెరిపి ఉంటే, అది ఈ రోజుకూ ఆ డిస్క్‌లో పూర్తిగా ఉండే అవకాశం ఉంది. ప్రొజెక్టర్ వెలగకముందే, మన అందరి కళ్ళ ముందే, అది పోతుంది. తరువాత తెర మీద ఖాళీ ఫోల్డర్ చూపించి "చూసినారా, ఏమీ లేదు" అంటారు. ఫైలు లేదన్న పక్షం గెలుస్తుంది. లేకపోతే, ఏ తప్పూ చేయని మనిషి మీద "మీరే రీడ్-ఓన్లీ పేరుతో తుడిచేసినారు" అని జీవితాంతం నింద ఉంటుంది. ఆ ఫోల్డర్ లేదని చెప్పే పక్షంవాళ్ళే ఈ ప్రతిపాదనను అందరికంటే ముందు వద్దనాలి. వాళ్ళ మంచికే చెప్తున్నాము.

మామూలు పద్ధతిలో చెరిపినా ఇదే పాట. ఈఎక్స్‌టీ4లో ఫైలు చెరిపితే దాని చిరునామాల పంక్తి ఖాళీ అవుతుంది. కరెంటు పోయే ముందు క్షణాల్లో చెరిపి ఉంటే, చెరిపిన సంగతి జర్నల్‌లో ఉండి, అసలు స్థానంలో పాత చిరునామాలు ఇంకా మిగిలి ఉండవచ్చు. జర్నల్‌ను ఎక్కిస్తే ఆ పాత పంక్తి పోతుంది. ఫైలు విషయం డిస్క్‌లో ఎక్కడో ఉంటుంది, ఎక్కడ అని చెప్పేది ఉండదు. ఎక్స్‌ట్‌అన్‌డిలీట్ మాదిరి ప్రోగ్రాములు జర్నల్‌లో మిగిలిన పాత నకళ్ళను వెతికి ఫైళ్ళను తెస్తాయి. వాటికి కావలసిన సరుకును మనమే తొక్కి పాడు చేయడం ఎందుకు? (ఫైల్ మేనేజర్‌లో చెరిపి ఉంటే చెత్తబుట్టలోనే ఉంటుంది, అప్పుడు ఇంత గొడవ లేదు. అదీ నకలులో చూస్తాము.)

మా రైల్వే మాట ఒకటి చెప్తాము. స్టేషన్ లెక్కలు చూడడానికి టీఐఏ వస్తాడు, ట్రావెలింగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ అకౌంట్స్. చెప్పాపెట్టకుండా వస్తాడు. మేము పని చేసిన కాలంలో వచ్చీ రాగానే పెట్టెలో డబ్బు లెక్క పెట్టి, పుస్తకంలో ఆఖరి ఎంట్రీ కింద గీత గీసి సంతకం పెట్టేవాడు. గీతకు పైన ఉన్నది తను రాకముందుది, కింద రాసేది తను వచ్చిన తరువాతది. "అయ్యా, రెండు ఎంట్రీలు రఫ్‌లో ఉన్నాయి, ఎక్కించి ఇస్తాను" అని గుమాస్తా అంటే ఒప్పుకునేవాడు కాదు. రఫ్ పుస్తకం కూడా ఇట్లా తే అనేవాడు. ఆ రెండు ఎంట్రీలు ఎందుకు నిలిచినాయో చూడడమే ఆయన పని. ఇప్పుడు మన ప్రతిపాదన ఎట్లా ఉందంటే, టీఐఏనే తన పెన్నుతో పెండింగ్ ఎంట్రీలన్నీ లెడ్జర్‌లో ఎక్కించి, రఫ్ పుస్తకం కొట్టేసి, "నేను చదివినాను అంతే" అని రిపోర్టు రాసినట్టు.

ఎదుటివాళ్ళ వాదనకు కూడా జవాబు చెప్పాలి కదా. కర్నెల్ రాసినవాళ్ళు మూర్ఖులా, ఇట్లా ఎందుకు పెట్టినారు అని ఒక తమ్ముడు అడిగినాడు. మంచి ప్రశ్న. మూర్ఖులు కారు. లైనక్స్ బూట్ అయ్యేటప్పుడు ప్రధాన డిస్క్‌ను మొదట రీడ్-ఓన్లీగానే మౌంట్ చేయడం పాత ఆచారం. తనిఖీ చేసే ప్రోగ్రాం కూడా ఆ డిస్క్ మీదే ఉంటుంది. లెడ్జర్ సగం సగంగా ఉంటే ఆ ప్రోగ్రాంనే చదవలేక కంప్యూటర్ నిలిచిపోతుంది. అందుకని ముందు జర్నల్ ఎక్కించి తరువాత చదవడం. కంప్యూటర్ తన సొంత డిస్క్‌తో లేవడానికి అది న్యాయమే. ఇంకొకరి డిస్క్‌ను, అందులోనూ తగవులో ఉన్న డిస్క్‌ను తెచ్చి తగిలించినప్పుడు అది న్యాయం కాదు. రెండు పనులకూ ఒకటే పేరు పెట్టడం వాళ్ళ తప్పు అని మేము అంటాము. "ఇంకెవరినీ రాయనివ్వను, నేను మాత్రం రాస్తాను" అనేదానికి రీడ్-ఓన్లీ అని పేరా? ఎక్స్‌ఎఫ్‌ఎస్ కూడా ఇట్లాగే చేస్తుంది, అక్కడ ఆపడానికి నోరికవరీ అని వేరే మాట. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో నోలాగ్‌రీప్లే అని మూడో మాట. ఒక్కొక్క దేవుడికి ఒక్కొక్క మంత్రం.

ఇంకొకాయన, జర్నల్ ఎక్కించడం అంటే బాగు చేయడమే కదా, బాగు చేస్తే నష్టమేమి అన్నారు. పాడైన పాట దొరకడానికి అయితే నష్టం లేదు, నిజమే. ఒక్క పాటలే ఉండి, నకలు కూడా ఉండి ఉంటే మేము ఈ పోస్టు రాసేవాళ్ళమే కాదు. కానీ కరెంటు పోయిన క్షణానికి ఏమి ఉండిందో తెలియాలంటే, బాగు చేయకముందు చూడాలి. గోడకు సున్నం కొట్టినాక బీటలు ఎక్కడ ఉండినాయి అని అడిగితే ఎవరు చెప్తారు? పైగా డిస్క్ లోపల దెబ్బ తిని ఉంటే, చదవడానికే మొరాయించే డిస్క్ మీద రాయించడం ఇంకా ప్రమాదం. పాటలు కూడా పోతాయి.

లాప్‌టాప్‌కు తగిలించే సంగతి అంతకంటే ముందుది. కొత్త లైనక్స్ డెస్క్‌టాప్‌లు చాలా వరకు డిస్క్ తగలగానే అడగకుండా తామే మౌంట్ చేస్తాయి, రీడ్-ఓన్లీగా కూడా కాదు, పూర్తి రాతతో. పిల్లవాడు కమాండ్ కొట్టేలోపు జర్నల్ పని అయిపోయి ఉంటుంది. విండోస్‌కు తగిలిస్తే ఇంకా చక్కన. దానికి ఈఎక్స్‌టీ4 మామూలుగా అర్థం కాదు, ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటావా అని అడుగుతుంది. అలవాటు కొద్దీ సరే అని నొక్కేవాళ్ళు మనలో ఎంతమంది ఉన్నారో మాకు తెలుసు.

ఇది జరగని కత కాదు. మూడేండ్ల కిందట పక్క ఊరి సంఘంవాళ్ళ డిస్క్ ఒకటి ఇట్లాగే ఒక అంగడికి ఇచ్చినారు. ఊరి పేరు, అంగడి పేరు చెప్పము. "రీడ్-ఓన్లీలోనే పెట్టి చూసినాము సార్, ఏమీ ముట్టలేదు" అని అంగడివాళ్ళు రాసి కూడా ఇచ్చినారు. తరువాత మాలో ఒకరం ఆ కంప్యూటర్ లాగు చూస్తే రికవరీ పూర్తయిందని ఒక పంక్తి, అనాథ ఫైళ్ళు నాలుగు చెరిపినట్టు ఒక పంక్తి. ఆ నాలుగు ఏమి ఫైళ్ళో ఈ రోజుకూ ఎవరికీ తెలియదు. అంగడివాళ్ళు అబద్ధం చెప్పలేదు, వాళ్ళకు తెలిసినదే చెప్పినారు. ఆ సంఘం రెండుగా చీలి ఉంది, ఉగాదికి రెండు పందిళ్ళు వేస్తున్నారు.

ఇంతకీ ఏం చేయాలి? దారి ఉంది, పెద్ద ఖర్చు కూడా కాదు. మొదట డిస్క్‌కు తాళం. రైట్ బ్లాకర్ అని ఒక చిన్న పెట్టె దొరుకుతుంది, డిస్క్‌కూ కంప్యూటర్‌కూ మధ్య పెడితే రాసే ఆజ్ఞ ఏదీ దాటి పోదు. బాడుగకు దొరికితే తెద్దాము. లేకపోతే, తనంతట తాను మౌంట్ చేయని కంప్యూటర్‌లో తగిలించి, బ్లాక్‌డెవ్ కమాండ్‌తో డిస్క్‌కూ దాని పార్టిషన్‌కూ రెండింటికీ రీడ్-ఓన్లీ గుర్తు పెట్టాలి. ఇది ఫైల్‌సిస్టమ్ మాట మాదిరి కాదు, కింద డిస్క్ మెట్టులో వేసే తాళం. ఆ తాళం ఉండగా మామూలుగా మౌంట్ చేయబోతే, రాసే వీలు లేదు, ముందుకు పోలేను అని కర్నెల్ చేతులెత్తేస్తుంది. అట్లా చేతులెత్తేసినప్పుడు మనవాళ్ళు "పని చేయలేదు" అని తాళం తీసేస్తారు. తీయకండి, పని చేసింది కాబట్టే ఆగింది.

తరువాత మౌంట్ మాటే ఎత్తకుండా డిస్క్ మొత్తాన్ని మొదటి సెక్టార్ నుంచి చివరి సెక్టార్ దాకా ఒక పెద్ద ఫైలుగా నకలు తీయాలి. డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం దీనికోసమే ఉంది. చదవలేని చోట్లు వస్తే వదిలి ముందుకు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి ప్రయత్నిస్తుంది, ఎక్కడెక్కడ చదవలేదో ఒక పట్టీ రాసి పెడుతుంది. నకలు అయినాక షా256 అనే లెక్క తీస్తే 64 అక్షరాల సంఖ్య ఒకటి వస్తుంది. నకలులో ఒక్క బిట్ మారినా ఆ సంఖ్య మారిపోతుంది. ఆ సంఖ్యను మినిట్స్ పుస్తకంలో చేత్తో రాసి, రెండు పక్షాలవాళ్ళూ సంతకం పెట్టాలి. టీఐఏ గీసిన గీత మాదిరి అది. అసలు డిస్క్‌ను కవర్‌లో పెట్టి లక్క ముద్ర వేసి బీరువాలో పెట్టేయాలి.

ఆ నకలుకు మళ్ళీ రెండు నకళ్ళు. మొదటిదాన్ని కూడా తాళం వేసి, నోలోడ్ పెట్టి తెరవాలి. అంటే జర్నల్ ఎక్కించకముందు లెడ్జర్ ఎట్లా ఉందో అట్లా. తాళం ఎందుకంటే నోలోడ్ ఆపేది జర్నల్‌ను మాత్రమే, అనాథల సంగతిలో అది మాట ఇవ్వదు. రెండోదాన్ని మామూలుగా తెరవాలి, జర్నల్ ఎక్కించుకోనివ్వాలి, అనాథలను ఏమి చేస్తుందో చేయనివ్వాలి, నకలే కదా. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, కరెంటు పోయే ముందు కొద్దిసేపట్లో ఏమి మారిందో ఆ తేడాలో కనపడుతుంది. ఆ తేడాను ప్రొజెక్టర్‌లో చూపించండి, మేమే ముందు వరుసలో కూర్చుంటాము.

ఒక్క జాగ్రత్త. నోలోడ్‌తో తెరిచినది కూడా వేదవాక్కు కాదు. అది సగం ఎక్కించిన లెడ్జర్. ఒక ఫైలు పేరు ఉండి పరిమాణం తప్పుగా ఉండవచ్చు, కొత్తగా చేసిన ఫైలు అసలు కనపడకపోవచ్చు. దాన్ని ఒక్కదాన్నే చూసి ఎవరూ ఎవరినీ దొంగ అనకూడదు. ఈ మాట రెండు పక్షాలకూ చెప్తున్నాము.

ఇంట్లో వాడుకునే సంగతి కూడా ఒకటి చెప్పి వదిలేస్తాము. 2011 నుంచి ప్రభుత్వం బడిపిల్లలకు ఉచితంగా ఇచ్చిన లాప్‌టాప్‌లు మన ఇండ్లలో చాలా ఉన్నాయి, విండోస్ పక్కన చెన్నై సీ-డాక్‌వాళ్ళ బాస్ లైనక్స్ ఉన్నవి. లైనక్స్‌ను హైబర్నేట్‌లో పెట్టి, ఇంకొక లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి "రీడ్-ఓన్లీగా చూస్తాను" అని ఆ డిస్క్‌ను తెరవకండి. నిద్రలో ఉన్న లైనక్స్ డిస్క్ ఎట్లా ఉందని గుర్తు పెట్టుకుని పడుకుందో, జర్నల్ ఎక్కిస్తే అట్లా ఉండదు. అది నిద్ర లేచి పాత జ్ఞాపకంతో రాయడం మొదలుపెడితే ఫైల్‌సిస్టమ్ చెడిపోతుంది.

బరంపురం, షోలాపూర్, యానాం, హోసూరు సంఘాలవాళ్ళు కూడా ఈ గ్రూపులో ఉన్నారు. మీ బీరువాల్లో కూడా ఇట్లాంటి డిస్క్‌లు ఉంటాయి. ఎవరైనా "ఊరికే చూసి ఇస్తాము" అంటే, జర్నల్ సంగతి ఏమి చేస్తారు అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు చెప్పగలిగినవాళ్ళకు ఇవ్వండి.

ఆదివారం ఉదయం 10 గంటలకు మేము వస్తాము. నకలు తీయడానికి కొత్త డిస్క్‌లు రెండు కావాలి, వాటి ఖర్చు ఈసారి మేమే చందా వేసుకుంటాము, బిల్లు సంఘానికి పంపము. ఆ ఐటీ పిల్లవాడిని కూడా రమ్మనండి, నకలు తీసే పని వాడి చేతనే చేయిద్దాము, మా చేతులు వణుకుతాయి. ఒక టెరాబైట్ డిస్క్, మూడు నాలుగు గంటలు పట్టవచ్చు. కాబట్టి సమావేశం అజెండాలో "డిస్క్ ప్రదర్శన" అని ఉన్నదాన్ని కొట్టేసి "డిస్క్ నకలు, సంతకాలు" అని మార్చమని కార్యదర్శిగారిని అడుగుతున్నాము. బీరువా తాళంచెవి కోశాధికారిగారి దగ్గర ఉంది. అంతవరకు దయచేసి దాన్ని ఎవరికీ ఇవ్వవద్దు.